నాయకుడి ఇంట్లో పొయ్యి

సమ్మె అనగానే మన ఇళ్ళలో వినబడే మొదటి మాట ఒకటుంది. "కూలివాళ్ళు ఎండలో కూర్చుంటారు, లీడరుగారు మాత్రం కారులో తిరుగుతారు" అని. బస్సులు ఆగినా, బ్యాంకు తలుపులు మూసినా, ఈ మాట రాక తప్పదు. అన్నవాళ్ళని తప్పు పట్టడానికీ లేదు, కార్లలో తిరిగేవాళ్ళూ వున్నారు. కాని ఆ మాట అన్నాక రెండో ప్రశ్న వేసేవాళ్ళు తక్కువ. అసలా లీడరుగారి జీతం ఎంత? ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వకపోతే ఆయన ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతోంది?

నెల మొదట్లో పాలవాడికింత, కిరాణాకింత, పిల్లల ఫీజులకింత అని పద్దు రాసుకునే మనకి ఈ ప్రశ్న తోచాలి. చరిత్ర పుస్తకాల్లో సమ్మెల తేదీలుంటాయి, ఊరేగింపులుంటాయి, తుపాకి కాల్పులుంటాయి. జీతాల సంగతి మటుకు ఎక్కడో అట్టడుగున ఒక ముక్కలో వుంటుంది. ఆ ముక్కలన్నీ ఏరుకుంటూ పోతే కథ వేరేలా కనిపిస్తుంది.

చుట్టల దగ్గర మొదలుపెడదాం. 1870ల్లో న్యూయార్కు నగరంలో చుట్టలు చుట్టే కార్ఖానాలు బోలెడు. మరల చప్పుడు లేని పని. వరసగా బల్లల ముందు కూర్చుని, ఆకు పరిచి, కోసి, చుట్టడమే. ఎన్ని చుట్టితే అంత కూలి. చేతులకే పని గాని నోటికీ చెవులకీ లేదు గదా! అందుకని ఆ పనివాళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. తమలో ఒకణ్ణి పని ఆపించి, పేపరో పుస్తకమో పైకి చదవమనేవారు. మిగిలినవాళ్ళు చుట్టుకుంటూ వింటారు. మరి చదివేవాడి కూలి మాటేమిటి? తలా కొన్ని చుట్టలు చుట్టి అతని లెక్కలో వేసేవారు. సాయంత్రానికి అతని కూలికి లోటు రాకుండా చూసేవారు.

నన్నడిగితే సంఘం నాయకుడి జీతానికి మూలం ఆ బల్ల దగ్గరే వుంది. "మా కోసం నీ చెయ్యి ఆగింది గనక, ఆ చెయ్యి చెయ్యాల్సిన పని మేం చేస్తాం." ఎక్కువా లేదు, తక్కువా లేదు. నిజామాబాదు, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళని చూసినవారికి ఈ లెక్క ఇట్టే బోధపడుతుంది. వేళ్ళు ఆగిన ప్రతి నిమిషమూ కూలిలో కోతే అక్కడ.

ఆ చదివేవాళ్ళలో ఒకడు శామ్యూల్ గాంపర్స్. 1850లో లండనులో పుట్టి, పదేళ్ళకే పనిలో పడి, పదమూడో ఏట తల్లిదండ్రులతో అమెరికా చేరిన యూదు కుర్రాడు. పదిహేడేళ్ళకి సోఫియా అనే పదహారేళ్ళ పిల్లని పెళ్ళాడాడు. ఆ పిల్లా పొగాకు పనే చేసేది. 1877లో న్యూయార్కు చుట్టల కార్మికులు పెద్ద సమ్మె చేశారు. యజమానులు మురికివాడల్లో ఇళ్ళు తీసుకుని, ఆ గదుల్లోనే కుటుంబాలకి కుటుంబాల్ని కాపురం పెట్టించి, పిల్లల చేత కూడా చుట్టలు చుట్టించేవారు. అద్దె వాళ్ళకే, కూలీ వాళ్ళ దయే. ఆ పద్ధతి మీద తిరుగుబాటు అది. మూడు నెలలు దాటినా గెలుపు రాలేదు. నాయకులకి పని దొరక్కుండా యజమానులంతా కట్టుకట్టారు. నెలల తరబడి గాంపర్స్ ఏ గడప తొక్కినా ఖాళీ లేదన్నారు.

ఇక ఇంటి సంగతి. అమ్ముడుపోయేది, తాకట్టు పెట్టదగ్గది ఒక్కొక్కటే వెళ్ళిపోయింది. సోఫియా పెళ్ళి ఉంగరం మిగిలింది. ఒకనాడు ఆవిడ నీళ్ళలో కాస్త పిండి, ఉప్పు, మిరియం వేసి కాచి అదే సూప్ అంది. మన ఇళ్ళలో గంజి కాచినట్టు. అలాంటి రోజుల్లోనే తెలిసినవాడొకడు, మొగుడు లేని వేళ చూసి ఇంటికొచ్చాడు. మీ ఆయన్ని ఆ సంఘం వదిలి పనిలోకి రమ్మని నువ్వు చెప్పు, వారానికి 30 డాలర్ల చొప్పున మూడు నెలలు నీకిస్తాం అన్నాడు. ఒక బిడ్డ జబ్బుతో మంచాన వుంది, ఇంకో బిడ్డ కడుపులో వుంది. గాంపర్స్ ఇంటికొచ్చి సంగతి విని, నువ్వేమన్నావని అడిగాడు. ఇంట్లో ఇలా వుంటే ఏమంటాను, తీసుకున్నాను అందావిడ. ఆయన ముఖం పాలిపోయిందిట. అది చూసి ఆవిడ నవ్వేసి, ఆ ప్రశ్న నన్నడగడానికి నీకు మనసెలా వచ్చిందని చీవాట్లు పెట్టింది. వచ్చినవాణ్ణి ఎప్పుడో తరిమేసింది.

ఈ కథ గాంపర్స్ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు గనక మనకి తెలిసింది. సోఫియా ఆత్మకథ రాయలేదు. రాస్తే ఆ సూప్ పిల్లలు తాగారో, ముఖం తిప్పుకున్నారో అదీ వుండేది.

తొమ్మిదేళ్ళ తరువాత, 1886 డిసెంబరులో, అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ పుట్టింది. గాంపర్స్ దాని మొదటి అధ్యక్షుడు. ఏడాదికి వెయ్యి డాలర్లు జీతం అని తీర్మానించారు. లెక్క వేసి చూడండి. వారానికి ఇరవై డాలర్లు కూడా పడదు. అంటే దేశం మొత్తానికి కార్మిక నాయకుడయ్యాక ఆయనకిచ్చినది, ఒకప్పుడు ఇంటికొచ్చి భార్యకి ఇవ్వజూపిన లంచంలో మూడింట రెండు వంతులే! ఆఫీసు అంటే చుట్టల సంఘం వాళ్ళు వాడుకోమన్న చిన్న గది. కాగితాలు దాచడానికి కిరాణా కొట్లోంచి తెచ్చిన టమాటా పెట్టెలు. ఆఫీసు కుర్రాడు ఆయన కొడుకే. 1895లో ఒక్క ఏడాది ఓడిపోయాడు గాని, 1924లో చనిపోయేదాకా ఆ కుర్చీ ఆయనదే. జీతమూ పెరుగుతూ వచ్చిందనుకోండి. ఆ పెరుగుదల సోఫియాకి బాకీ తీర్చినట్టే అని నా అభిప్రాయం. ఆవిడ 1920లో పోయింది.

తక్కువ జీతం ఎక్కువ మంచితనం అనుకునేవాళ్ళకి ఆదర్శం యూజీన్ డెబ్స్. రైల్వే ఫైర్‌మెన్ సంఘంలో ఏడాదికి 4,000 డాలర్ల ఉద్యోగం వదులుకుని, 1893లో తను పెట్టిన రైల్వే కార్మికుల కొత్త సంఘంలో నెలకి 75 డాలర్లకి చేరాడు. మరుసటేడు పుల్‌మన్ సమ్మె, ఆ వెనక జైలు. సంఘం చితికిపోతే దాని అప్పులు తన మీద వేసుకుని, ఊరూరా ఉపన్యాసాలిచ్చి తీర్చాడు. నిజంగా గొప్పే. అందరూ డెబ్స్‌లా వుండాలంటే మటుకు సంఘాలకి నాయకులు దొరకరు.

ఇదే కాలంలో ఇంగ్లండులో సిడ్నీ వెబ్, బియాట్రిస్ వెబ్ దంపతులు కార్మిక సంఘాల చరిత్ర రాశారు. 1894లో అచ్చయింది. జీతం తీసుకునే కార్యదర్శి ఎలా మారిపోతాడో అందులో ఒక పనివాడి మాటల్లో చెప్పించారు. బల్ల దగ్గర పనిచేసినవాడు ఆఫీసు గదిలోకి వస్తాడు. ఊరిచివర చిన్న ఇల్లు తీసుకుంటాడు. పాత స్నేహితులు దూరమవుతారు, భార్య కొత్త ఇరుగుపొరుగుతో స్నేహం కడుతుంది. మెల్లిమెల్లిగా ఆ పొరుగువాళ్ళ అభిప్రాయాలే ఆయనవీ అవుతాయి. చూశారా, ఇక్కడా భార్య పేరు రాక తప్పలేదు! ఆకలినాడు సూప్ కాచిన ఇల్లాలు చరిత్రలో ఒక్క పేజీ. పేరంటానికి కొత్త గుమ్మం తొక్కిన ఇల్లాలు సిద్ధాంతం. అయినా ఆ పరిశీలనలో నిజం లేకపోలేదు. పాత వీధిలో వున్నంతకాలం, సరుకుల ధర పెరిగితే ఆ బాధ ఆయన ఇంట్లోనూ పడుతుంది. వీధి మారాక అది పేపర్లో చదివి తెలుసుకోవాలి.

ఇక బొగ్గు గనులకి వద్దాం. అమెరికాలో గని కార్మికుల సంఘానికి 1920 నుంచి 1960 దాకా, నలభై ఏళ్ళు, జాన్ ఎల్. లూయిస్ అధ్యక్షుడు. గుబురు కనుబొమలు, సింహం లాంటి గొంతు. ఆయన జీతం 1930ల చివర 25,000 డాలర్లయింది, దిగిపోయే నాటికి 50,000. భూగర్భంలో మోకాళ్ళ మీద పాకుతూ బొగ్గు తవ్వేవాళ్ళ చందాల్లోంచే. మరి వాళ్ళు గొడవ చెయ్యలేదా? అట్టే చెయ్యలేదు. కంపెనీ పెద్దతో సమానంగా మా మనిషీ కూర్చోవాలి, మా మనిషి కోటూ వాడి కోటుకి తీసిపోకూడదు అన్న పట్టుదల వాళ్ళలో వుండేది. పెళ్ళిచూపుల నాడు అప్పు చేసైనా మంచి చీర కట్టించే తల్లి మనసు లాంటిది. పైగా ఆయన తెచ్చిపెట్టింది కంటికి కనిపించేది. 1946లో టన్ను బొగ్గుకి ఇంత అని కంపెనీల చేత కట్టించి సంక్షేమ నిధి పెట్టించాడు. దానితో పెన్షన్లొచ్చాయి, కొండప్రాంతాల్లో ఆస్పత్రులొచ్చాయి. యంత్రాలకి ఒప్పుకోవడంతో లక్షల మంది పని పోయిందన్నది మరో వైపు.

ఆయన నీడలో పెరిగిన టోనీ బాయిల్ 1963లో అధ్యక్షుడయ్యాడు. జీతం అదే 50,000. లూయిస్ తెచ్చినట్టు తెచ్చింది మటుకు లేదు. 1968 నవంబరు 20న వెస్ట్ వర్జీనియాలో ఫార్మింగ్టన్ గని పేలి 78 మంది పోయారు. భర్తల కబురు కోసం ఆడవాళ్ళు ఎదురుచూస్తున్న చోటికి బాయిల్ వచ్చాడు. వచ్చి, ఈ కంపెనీ భద్రత విషయంలో మంచిదేనని, సంఘంతో సహకరించేదేనని మెచ్చుకున్నాడు! ఆ రోజున ఆ విధవల ముందు ఆ మాట అన్న నోరు ఎవరి ఉప్పు తిన్నట్టు?

మరుసటేడు జోసెఫ్ యబ్లోన్‌స్కీ అనే సంఘం పెద్ద బాయిల్ మీద పోటీకి దిగాడు. ఈయనా కడిగిన ముత్యం కాదు. అదే సంఘంలో ఏళ్ళ తరబడి మంచి జీతం పుచ్చుకుని, బాయిల్‌ని వేదికల మీద పొగిడినవాడే. కాని దిగాక లెక్కలన్నీ వీధిలో పెట్టాడు. పైనున్న ముగ్గురు పెద్దలూ పదవి దిగాక కూడా పూర్తి జీతమే పెన్షనుగా వచ్చేటట్టు, సభ్యులకి చెప్పకుండా వేరే నిధి కట్టుకున్నారు. అంటే బాయిల్‌కి ఏడాదికి 50,000. అదే సంఘంలో జీవితమంతా బొగ్గు పీల్చి, ఊపిరితిత్తులు నల్లబడి ఇంటికొచ్చిన ముసలి కార్మికుడికి నెలకి 115 డాలర్లు. పోటీ వచ్చిందని తెలిశాక అది హడావిడిగా 150 అయింది. అధ్యక్షుడిగారి కూతురు మోంటానా రాష్ట్రంలో సంఘం వకీలు, ఏడాదికి 40,000 డాలర్లు. ఆ రాష్ట్రంలో సంఘం సభ్యులు వెతికితే గాని దొరకరు.

ఇవన్నీ ఎలా బయటపడ్డాయంటే, 1959లో వచ్చిన చట్టం వల్ల. సంఘాల్లో దొంగసొమ్ము గురించి సెనేట్ కమిటీ విచారణ జరిపాక, ప్రతి సంఘమూ ఏటా తన లెక్కలు, ఎవరికెంత జీతమిచ్చారో పేరుపేరునా, ప్రభుత్వానికి దాఖలు చెయ్యాలన్నారు. ఎవరైనా వెళ్ళి చూడవచ్చు. చట్టం పెట్టిన కొందరి ఉద్దేశం సంఘాల మెడ వంచడమే, సందేహం లేదు. అయినా ఆ కాగితాలే గని కార్మికుడి చేతికి ఆయుధమయ్యాయి.

1969 డిసెంబరు 9న ఎన్నిక జరిగింది. బాయిల్ గెలిచానన్నాడు. ఓట్ల లెక్కలో మోసం వుందని యబ్లోన్‌స్కీ ఫిర్యాదు చేశాడు. డిసెంబరు 31 రాత్రి, పెన్సిల్వేనియాలోని ఆయన ఇంట్లో దూరి, ఆయన్నీ, భార్య మార్గరెట్‌నీ, ఇరవై అయిదేళ్ళ కూతురు షార్లెట్‌నీ నిద్రలోనే కాల్చి చంపారు. హంతకుల కోసం కూడదీసిన సొమ్ము 20,000 డాలర్లు సంఘం ఖజానాలోంచి వచ్చింది. ఉత్తుత్తి కమిటీ ఒకటి రాసి, దాంట్లో పనిచేశారని ముసలి పెన్షనుదార్ల పేర చెక్కులిచ్చి, మళ్ళీ వాళ్ళ దగ్గర్నుంచి నగదు వెనక్కి తీసుకున్నారు. కార్మికుడి చందాతో కార్మికుడి పక్షం మాట్లాడినవాణ్ణి చంపించారు. ఆ సొమ్ము జీతాల పద్దులోది కాదు గదా అనవచ్చు. తన జీతం, తన పెన్షను, తన కూతురి జీతం ఎవరికీ చెప్పక్కర్లేదనుకున్న చెయ్యే ఆ చెక్కుల దాకా వెళ్ళింది. బాయిల్‌కి శిక్ష పడింది. 1985లో ఖైదీగానే పోయాడు.

ఆ ఎన్నిక కోర్టు కొట్టేసింది. 1972లో మళ్ళీ జరిగితే ఆర్నాల్డ్ మిల్లర్ అనే, ఊపిరితిత్తుల జబ్బుతో గని వదిలిన మామూలు కార్మికుడు గెలిచాడు. వస్తూనే అధ్యక్షుడి జీతం 50,000 నుంచి 35,000కి తగ్గించాడు. పెద్దల కాడిలాక్ కార్లు అమ్మేయించాడు. ఆయన కథ అక్కడితో ఆగితే బాగుండేది. కాని సంఘం నడపడం ఆయన వల్ల కాలేదు. తనవాళ్ళే తనతో పోట్లాడారు. 1977-78 శీతాకాలంలో 110 రోజుల సమ్మె నడిచి, 1979లో జబ్బుతో దిగిపోయాడు. జీతం కోసుకోవడం వేరు, ఇల్లు దిద్దుకోవడం వేరు.

మన దేశంలో కథ మరో రకం. ఇక్కడ నాయకుడి జీతం ఎంత అంటే చాలాకాలం జవాబు "సున్న."

1918 ఏప్రిల్ 27న మద్రాసు పెరంబూరులో మద్రాసు లేబర్ యూనియన్ మొదలైంది. బకింగ్‌హాం, కర్నాటిక్ బట్టల మిల్లుల పనివాళ్ళది. మధ్యాహ్నం తిండికి అరగంట చాలడం లేదన్నది వాళ్ళ మొదటి మొరల్లో ఒకటి. దాన్ని నిలబెట్టినవాళ్ళు ఎవరనుకున్నారు? సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అనే ఇద్దరు స్థానిక వ్యాపారులు, వాళ్ళు వెళ్ళి పిలుచుకొచ్చిన బి.పి. వాడియా. ఆయన అనిబిసెంటు గారి పత్రిక న్యూ ఇండియాలో పనిచేసే పార్సీ, దివ్యజ్ఞాన సమాజం మనిషి. ఒక్కరూ మగ్గం పట్టినవారు కాదు, ఒక్కరికీ సంఘం జీతమివ్వాల్సిన అవసరం లేదు. మిల్లులో మనిషి నాయకుడైతే మర్నాడే గేటు బయట వుంటాడు. అంచేత బయటివాళ్ళు కావలసి వచ్చింది. బయటివాణ్ణి మాత్రం వదిలారా? కంపెనీ వాడియా మీదా, సంఘం వాళ్ళ మీదా హైకోర్టులో నష్టపరిహారం దావా వేసింది. చివరికి ఆయన కార్మికోద్యమం నుంచి తప్పుకుంటేనే గాని రాజీ కుదరలేదు.

అదే 1918లో అహమ్మదాబాదులో అనసూయా సారాభాయి. అందరూ మోటాబెన్, అంటే పెద్దక్క, అనేవారు. అన్నదమ్ముల వరసలో అంబాలాల్ మిల్లు యజమానుల తరఫున, ఈవిడ నేతవాళ్ళ తరఫున, మధ్యన గాంధీగారు. ఆవిడ పైసా జీతం తీసుకోలేదు. తీసుకోవలసిన అవసరమూ లేదు, పుట్టిల్లు సిరిగలది. ఆ సిరి ఎక్కడిది? మిల్లుదే. కాస్త కొంటెగా చెప్పాలంటే మజూర్ మహాజన్ పెద్దక్కకి జీతమిచ్చింది యజమానులే! ఆవిడ త్యాగాన్ని తక్కువ చెయ్యడం కాదు. "ఉచితం" అన్నచోట పద్దు వేరే పుస్తకంలో వుంటుందని మాత్రమే అంటున్నాను. ఒక్కోచోట ఆ పుస్తకం భార్య పుట్టింటిది. ఒక్కోచోట వకీలు ఫీజులది, పార్టీది. బ్యాంకుల్లో, ప్రభుత్వ సంస్థల్లో సంఘం పనికని సెలవిచ్చి, నెల జీతం యథాప్రకారం ఇంటికి పంపినచోట యజమానిదే.

వాడియా మీద దావా దేశమంతా కలకలం రేపింది. ఆ పర్యవసానంగా 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. సంఘం నిధులు దేనికి ఖర్చు పెట్టవచ్చో అందులో జాబితా వుంది. మొట్టమొదటి పద్దు ఏమిటో తెలుసా? సంఘం పెద్దల జీతాలు, భత్యాలు. చట్టం ఇవ్వమంది, సిగ్గుపడాల్సిన పని లేదంది. ఇవ్వడానికి పెట్టెలో వుండాలి గదా! 1960లో సవరణ చేసి, సభ్యుడి చందా నెలకి పావలాకి తగ్గకూడదన్నారు. చాలా సంఘాలు ఆ పావలా దగ్గరే ఆగాయి. వెయ్యిమంది సభ్యులుండి, అందరూ నెలనెలా కడితే 250 రూపాయలు. అందులో గది అద్దె, గుమాస్తా, కరపత్రాలు, కోర్టు ఖర్చులు పోగా నాయకుడికి ఏం మిగులుతుందో, సంసారం చేసినవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. ఆ పావలా 1960 నుంచి 2001 దాకా కదల్లేదు. 2001 సవరణలో ఏడాదికి 12 రూపాయలైంది, అంటే నెలకి రూపాయి. సినిమాకి వెళ్ళినా టీ కొట్లో కూర్చున్నా మనం లెక్కపెట్టని సొమ్ము. పావలా చందాతో నిజాయితీపరుణ్ణి, చదువుకున్నవాణ్ణి, ఎప్పుడు పిలిస్తే అప్పుడు వచ్చేవాణ్ణి కోరుకున్నాం. వచ్చినవాడు పది సంఘాలకి అధ్యక్షుడై, మన సంఘానికి ఆరునెలలకోసారి వస్తే కోపం తెచ్చుకున్నాం.

మన వి.వి. గిరి గారు ఇదంతా దగ్గరుండి చూసినవారు. బరంపురంలో పుట్టి, డబ్లిన్‌లో చదివిన బారిష్టరు. తెలుగువాళ్ళు ఎందరో పనిచేసిన ఖరగ్‌పూర్ రైల్వే వర్కుషాపు సమ్మె, 1927లో, ఆయన నాయకత్వంలోనిదే. బయటి నాయకుడిగా పైకి వచ్చిన ఆయనే, కార్మికులే తమ సంఘాల్ని నడుపుకోవాలని చెబుతూ వచ్చారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పుని ప్రభుత్వం మార్చిందని కేంద్రమంత్రి పదవికి రాజీనామా ఇచ్చారు. మంత్రి జీతం వదులుకోవడం పేపర్లో వచ్చింది. పధ్నాలుగుమంది పిల్లలున్న ఆ ఇంటిని జైళ్ళ మధ్య, సమ్మెల మధ్య నడిపిన సరస్వతీబాయి గారి నెల పద్దు ఏ పేపర్లోనూ రాలేదు.

బొగ్గు గనుల మాట వచ్చింది గనక ధన్‌బాద్ ఎ.కె. రాయ్ గారి సంగతి కూడా చెప్పాలి. సింద్రీలో కెమికల్ ఇంజనీరు. కార్మికుల పక్షం నిలిచినందుకు ఉద్యోగం పోయింది. 1977, 1980, 1989 ఎన్నికల్లో, మూడుసార్లు, లోక్‌సభకి గెలిచారు. ఎంపీల జీతాలు పెంచుకుంటామన్నా, పెన్షను పెట్టుకుంటామన్నా లేచి వద్దనేవారు. తనకొచ్చిన పెన్షను రాష్ట్రపతి సహాయ నిధికి రాసేశారు. ఎన్నో ఏళ్ళు పార్టీ ఆఫీసు గదిలోనే వున్నారు. ముసలితనంలో ఒక కార్యకర్త కుటుంబం ఆయన్ని తమ ఇంట్లో పెట్టుకుని చూసుకుంది. 2019 జులైలో పోయారు. ఆయన పెళ్ళి చేసుకోలేదు.